అద్దం మీది దండ

జాతరలో నా దుకాణం ముందు ఎవరైనా కూర్చుని "మావోళ్ల పటం గీస్తవా" అంటే, పేరు అడక్కముందే, ఊరు అడక్కముందే నేను అడిగే మాట ఒకటుండేది. "దండ పటమా, ఉత్త పటమా?" దండ పటం అంటే ఆ మనిషి పోయినట్టు. ఉత్త పటం అంటే ఉన్నట్టు. బతికి ఉన్నాడా, చచ్చిపోయాడా అని మొహం మీద అడగలేక మా నాన్న కనిపెట్టిన మర్యాద అది. ఆయన దగ్గర పని నేర్చుకున్నదాన్ని కాబట్టి నాకూ అదే అలవాటైంది.

పని కూడా ఆ జవాబుతోనే మొదలయ్యేది. మేం గీసేది అద్దం వెనుక. కిటికీకి బిగించే అద్దం లాంటిదే ఒక పలక తీసుకుని, వెనుకవైపు రంగులు వేస్తాం, జనం ముందువైపు నుంచి చూస్తారు. అందుకని చూసేవాళ్ల కంటికి అన్నిటికన్నా ముందుగా ఏది తగలాలో దాన్నే మేం ముందుగా వేయాలి. కాగితం మీద గీసేవాళ్లు ముఖం గీసి దానికి బొట్టు పెడతారు. మేం బొట్టు పెట్టి, అది ఆరాక దాని వెనుక నుదురు వేస్తాం. ముక్కుపుల్ల ముందు, ముక్కు తర్వాత. గోడ, ఆకాశం అన్నిటికన్నా చివర. మెడలో దండ ఉంటే మాత్రం దండే అన్నిటికన్నా మొదలు. ముఖమంతా అయిపోయాక "అయ్యో, దండ మరిచినం" అంటే ఏమీ చేయలేం. వెనుక నుంచి అంతా గీకి పారేసి, మళ్లీ ఉత్త అద్దం దగ్గర నుంచి రావాలి.

మా నాన్న వికారాబాద్ స్టేషన్ బజారులో దుకాణాలకు బోర్డులు రాసేవాడు, మిగతా కాలం అద్దాల పటాలు గీసేవాడు. ఆయన పోయాక కుంచెల డబ్బా నేను తీసుకున్నాను. ఆడమనిషి జాతరలో గోనెసంచి పరుచుకుని కూర్చుంటుందా అని మా చుట్టాలు ముక్కు మీద వేలేసుకున్నారు. వేసుకోనీ అనుకున్నాను. మేం ఆదివారం పొద్దున ప్రార్థనకు పోయేవాళ్లం. సోమవారం నుంచి నేను రాముల వారి పట్టాభిషేకం, వెంకటేశ్వరస్వామి నామం, సిలువ మోసే ఏసయ్య, ఎవరికి కావలసింది వాళ్లకు గీసేదాన్ని. ఒకసారి మా పాస్టరయ్య గుమ్మంలో నిలబడి, ఆరబెట్టిన దేవుళ్లందరినీ చూసి గొంతు సవరించుకున్నాడు. "అయ్యగారూ, నేను రంగు ఏస్త, మొక్కేటోళ్లు మొక్కుతరు. మీరు జర పక్కకు నిలవడుండ్రి, వెలుతురు అడ్డమైతున్నది" అన్నాను. ఆ తర్వాత ఆయన నా జోలికి రాలేదు. నా నోరు అట్లాంటిది. మా ఇంటాయన రైల్వేలో పట్టాలు చూసే పని చేసేవాడు. "నీ నోటికి సిగ్నల్ లేదు" అనేవాడు.

ఏడాదిలో నాకు రెండు జాతరలు ముఖ్యం. కార్తీకంలో అనంతగిరి, ఎండాకాలంలో తాండూరు. వానాకాలంలో రంగులు ఆరవు. తేమకు నూనె జిగటగా పట్టుకుని, దుమ్మునూ దోమలనూ అంటించుకుంటుంది. అందుకని వానలు వెనక్కి తగ్గగానే పనిలో పడేదాన్ని. చలికాలమంతా తాండూరు కోసం గీసి, ఆరిన పటానికి పటానికి మధ్య జొన్నపొట్టు పోసి చెక్కపెట్టెలో సర్దేవాళ్లం. పెట్టెను రైల్లో ఎక్కించేటప్పుడు నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు. మా ఇంటాయన ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని, "మెల్లగ, మెల్లగ" అని ఆయన మీద ఊరికే అరిచేదాన్ని. ఎన్ని జాగ్రత్తలు పడ్డా తాండూరులో పెట్టె తెరిచేసరికి ఏదో ఒక దేవుడు నిలువునా పగిలి ఉండేవాడు. ఆరోజంతా నాతో మాట్లాడాలంటే అందరికీ భయం.

తాండూరులో పటాలు నిలబెట్టడానికి నాపరాళ్లకు కొదవ లేదు. ఎక్కడ చూసినా బండలే. రెండు బండలు ఏటవాలుగా పెట్టి వాటికి పటాలు ఆనించేదాన్ని. మధ్యాహ్నానికి ఆ బండలు పెనంలా కాలేవి. రంగు మెత్తబడకుండా తడి గోనెపట్టా కప్పుకుంటూ, చూసేవాళ్లు వస్తే తీస్తూ ఉండాలి. అటు కన్నడం మాట్లాడే ఊళ్ల నుంచి కూడా జనం వచ్చేవారు. బేరం మాత్రం ఏ భాషలో ఆడినా ఒకటే.

ఒక అవ్వ నా దుకాణానికి మొదటిసారి వచ్చింది అట్లాంటి ఎండలోనే. పోలీసు యాక్షన్ జరిగి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఎత్తుమనిషి, ఎండకు నల్లబడ్డ ముఖం, చేతిలో కర్ర. వెనుక ఒక పడుచుపిల్ల, ఆమె కోడలు. బంట్వారం దిక్కు పల్లె వాళ్లది, గొర్లు కాసే ఇల్లు. అవ్వ నా పటాలన్నీ ఒకటొకటిగా చూసి, చివరకు కూలబడి, "మనిషిని గీస్తవా బిడ్డా? నా కొడుకును గీయాలె" అంది.

నేను అలవాటుగా అడిగేశాను. "దండ పటమా అవ్వా, ఉత్త పటమా?"

ఆమెకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను. చెప్పీ చెప్పగానే ఆమె లేచి నిలబడింది.

"నీ నోట్ల మన్నువడ! నా కొడుక్కు దండేంది? ఎవల్ చెప్పిండ్రు నీకు?"

నాకూ తిక్క రేగింది. "నాకెవల్ చెప్తరు అవ్వా? ఉత్త పటం అంటె అయిపాయె! అందరినీ అడుగుత, నిన్నూ అడిగిన. దానికి మన్ను పోస్తవేంది?"

చుట్టుపక్కల దుకాణాల వాళ్లు తలలు తిప్పి చూశారు. కోడలు పిల్ల కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడింది. ఆ పిల్ల ఒక్కసారి కళ్లెత్తి నా వైపు చూసింది. ఆ చూపుతో నా కోపం దిగిపోయింది. "కూసో అవ్వా. ఉత్త పటమే గీస్త. ఎట్లుంటడో చెప్పు" అన్నాను.

అప్పుడు చెప్పింది. గడబిడ అయిన ఏడు, ఊళ్ల మీద పడ్డవాళ్లు దొరికిన గొర్రెనల్లా పట్టుకుపోతున్నారని, కొడుకు మందను తోలుకుని చించోళి దిక్కు పోయాడు. నాలుగు దినాలు ఆగి వస్తానన్నాడు. పెళ్లయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. గొర్లలో కొన్ని ఎవరి మందలోనో కలిసి కనబడ్డాయని కబురొచ్చింది. అవ్వ పోయి చెవికోత చూసి, అవి తమవే అని గుర్తుపట్టింది. మనిషి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

"గొర్లు దొరికినయి గద బిడ్డా. గొర్లు దొరికినంక మనిషి దొరకడా?" అంది. ఎట్లా ఉంటాడంటే, "మస్తుగుంటడు, నిండు చందమామ తీరు" అంటుంది. చందమామను పెట్టుకుని నేనేం గీయను? ఆమె నీళ్లు తాగడానికి అటు పోగానే కోడలు పిల్ల గబగబా నా పక్కన కూర్చుంది. "ఎడమ కనుబొమ్మ నడుమ ఒక గాటుంటది అక్కా. అక్కడ ఎంటికలు మొలవయి. పై పెదవి జర సన్నగుంటది. నవ్వితె ఒక దిక్కే నవ్వుతడు. చెవికి పోగు." అంతా ఒక్క ఊపిరిలో చెప్పి, అత్త రావడం చూసి లేచి దూరంగా జరిగింది. ఇంకెవరికైనా ఎప్పుడైనా చెప్పిందో లేదో ఆ మాటలు, నాకు తెలియదు.

వచ్చే కార్తీకానికి అనంతగిరిలో పటం ఇస్తానని చెప్పి పంపాను. వానలు తగ్గాక ఒకరోజు అద్దం కడిగి ముందు పెట్టుకున్నాను. చెయ్యి సాగలేదు. ఆ మనిషి లేడని నాకు అనిపిస్తూనే ఉంది. మా ఇంటాయన కూడా అదే అన్నాడు. "రేపో ఎల్లుండో ఆమెనే వచ్చి దండ అడుగుతది. అప్పుడు మొత్తం గీకాలె నువ్వు. ఇప్పుడే సన్నగ ఒక దండ ఏసి పెట్టరాదు?"

"అడగంది ఏస్తనా? ఆమె కర్ర చూసినవా నువ్వు?" అని కసిరాను. దండ లేకపోతే నా పని ఎక్కడ మొదలవ్వాలి? ఆ పిల్ల చెప్పిన గాటు గుర్తొచ్చింది. కనుబొమ్మ మధ్య గాటుతో మొదలుపెట్టాను. తర్వాత చెవిపోగు. తర్వాత ఒక పక్కకు పోయే నవ్వు.

కార్తీకంలో అనంతగిరి గుట్ట మీద పటం చేతికిచ్చాను. అవ్వ చూసి, "అయ్యో నా కొడకా, ఇన్నొద్దులు యాడున్నవ్రా" అని అద్దానికి బుగ్గ ఆనించుకుని ఏడ్చింది. జనం గుమిగూడారు. కోడలు పిల్ల ఏడవలేదు. కనుబొమ్మ మీద గాటు దగ్గర అద్దాన్ని ఒకసారి వేలితో ముట్టి, చేయి వెనక్కి తీసుకుంది. నేను ఎన్నో దేవుళ్లను అమ్మాను గానీ ఎవరూ అట్లా ముట్టలేదు.

మరో రెండు మూడేళ్లు వాళ్లు కనబడలేదు. మళ్లీ అనంతగిరి జాతరలోనే, పొద్దున మంచు ఇంకా కరగకముందే అవ్వ ఒక్కతే వచ్చింది. చంకలో గుడ్డ చుట్టిన పటం. మనిషి వంగిపోయింది. నా ముందు పటం పెట్టి, విప్పి, "దీనికి దండ ఏసియ్యి బిడ్డా" అంది.

కుంచె పక్కన పెట్టాను. "ఏమన్న కబురొచ్చిందా అవ్వా?"

"కబురు లేదు, కాకరకాయ లేదు." కర్ర పక్కన పెట్టి కూర్చుంది. "పిల్లకు మారు మనువు చూసిన. కొడంగల్ దిక్కోళ్లు. భార్య పోయిందట, నెమ్మదిగలోడు. నేనే వెతికిన. ఎవల్ ఎతుకుతరు మరి, దానికి తల్లి లేదు. ఆళ్లు ఇల్లు చూసిపోను వచ్చి గోడకు గీ పటం చూసిండ్రు. పటానికి దండ లేదు గద, రేపు ఈయన వస్తె మా పిల్లగాడు ఏం గావాలె అని అడిగిండ్రు. ఆళ్లనేది గూడ నిజమే నాయె. దండ ఏసినంక పిలువుండ్రి అని చెప్పిపోయిండ్రు."

"కోడలేమన్నది?"

"అదేమంటది? వద్దనే అంటది. నీకాడనే ఉంట అత్తమ్మా అంటది. నేను పోతే దాన్ని ఎవల్ చూస్తరు? గొర్లా?"

నేను మెల్లగా అన్నాను. "బంతిపూల దండ ఏసి చూపెట్టరాదు అవ్వా? దానికి నా దాకా ఎందుకు వచ్చినవు?"

ఆమె తన రెండు చేతులూ ముందుకు చాపి నాకు చూపించింది. "పూలు తెచ్చిన. దారం తెచ్చిన. కట్టిన గూడ. పటం కాడికి పోయినంక చెయ్యి ఆడలే బిడ్డా. నా కొడుక్కు నేను ఎట్లేస్త? నేనే ఏసినంక ఇంక వాడేడికెళ్లి వస్తడు? నువ్వైతె పనిమంతురాలివి. నీకు అందరొక్కటే."

నాకు అందరూ ఒక్కటి కాదు అనుకున్నాను. పటం తిప్పి వెనుక భాగం చూపించాను. దండ లోపల వేయాలంటే ముఖం గీకాలని, గీకితే ఈ నవ్వు మళ్లీ ఇట్లాగే వస్తుందని చెప్పలేనని చెప్పాను. ఆమె భయపడి పటాన్ని రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. అద్దం ముందువైపు వేయొచ్చు గానీ, నూనె రంగు వేస్తే అక్కడ దిట్టంగా పట్టుకుంటుంది, మళ్లీ పోవాలంటే కత్తితో గీకాలి, అద్దానికి గీతలు పడతాయి అన్నాను.

ఆమె పటాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అడిగింది.

"తడిగుడ్డ వెడితే పోయే రంగు లేదా బిడ్డా?"

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థం కాగానే ఒళ్లు మండింది. "ఎవల్ని మోసం చేస్తున్నవ్ అవ్వా? ఆళ్లనా? కోడలినా?"

"ఎవల్ని జేస్త?" ఆమె నా మోకాలి మీది చెయ్యి తీసేసింది. "పిల్ల బతకాలె. వాడు గూడ బతకాలె నాకు. రెండిట్ల ఏది ఇడిచిపెట్టుమంటవు, నువ్వే చెప్పు."

నాకు ఏడుపొచ్చింది. కోపంగా ఉన్నట్టు ముఖం పెట్టి, పొడి రంగుల డబ్బా బయటికి తీశాను. తుమ్మ జిగురు నానబెట్టి పచ్చరంగు, పసుపురంగు కలిపాను. నీటి రంగు అద్దానికి అంటదు, నీటి బొట్లయి జారిపోతుంది. వెల్లుల్లి పాయ కోసి అద్దానికి రుద్దితే కొంచెం పట్టు దొరుకుతుంది. మా నాన్న చెప్పిన కిటుకు అది. పక్క దుకాణంలో మిర్చీలు వేయించేవాడి దగ్గర ఒక రెబ్బ అడిగి తెచ్చి రుద్దాను. ముఖం అయిపోయిన పటం మీద, ముందు నుంచి, నా జీవితంలో మొదటిసారి దండ వేశాను. ఒక్కొక్క పువ్వూ వేస్తుంటే అవ్వ తల పక్కకు తిప్పుకుని గుట్ట మీది చెట్ల వైపు చూస్తూ కూర్చుంది. కనుబొమ్మ దాకా రాకుండా దండను కిందికి దించాను.

ఆరాక చూపించాను. ఆమె ఒక్కసారి చూసి కళ్లు మూసుకుంది. "మంచిగున్నది" అంది. కూలి ఇవ్వబోతే నేను తీసుకోలేదు. "నీళ్లు తగలనియ్యకు అవ్వా. చెమట చెయ్యి గూడ పెట్టకు" అన్నాను. పటాన్ని గుడ్డలో చుట్టలేదు. ముఖం బయటికి కనబడేట్టు, అంచులు మాత్రమే పట్టుకుని గుట్ట దిగింది. ఎదురొచ్చే వాళ్లు దండ చూసి పక్కకు జరిగి దారి ఇచ్చారు. నేను ఆరోజు ఇంకే బేరమూ చేయలేకపోయాను.

తర్వాత జాతరలు వచ్చాయి, పోయాయి. నాకు నడుం నొప్పి మొదలైంది. అచ్చు పటాలు కాగితం మీద చవగ్గా వచ్చి, నా దేవుళ్లను అడిగేవాళ్లు తగ్గారు. చాలాసార్లు పెట్టె నిండా పట్టుకుపోయి పెట్టె నిండా తిరిగి తెచ్చుకున్నాను. అయినా పోవడం మానలేదు. మానితే ఏం చేయాలో తెలియక పోయేదాన్ని.

అట్లాంటి ఒక ఎండాకాలం తాండూరులో, నేను తడి గోనెపట్టా సర్దుకుంటుంటే, చంకలో బిడ్డను ఎత్తుకుని ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. "అక్కా, గుర్తు వట్టినవా?" అంది. ఒళ్లు చేసింది, ముఖంలో నెమ్మది వచ్చింది. కళ్లెత్తి చూసిన తీరుతో గుర్తుపట్టాను. ఆ కోడలు పిల్ల. నేలమీద గోనె పరిచి కూర్చోబెట్టాను.

"అత్తమ్మ పోయిందక్కా. మొన్న చలికి. నా చేతులల్లనే పోయింది" అంది.

నాకు ఒక మాట నోటి చివర ఆడుతోంది. అడగాలా వద్దా అని నేను నలిగిపోతుంటే, ఆ పిల్లే మొదలుపెట్టింది.

"నన్ను తోలిన బండి ఊరు దాటిందో లేదో, తడిగుడ్డ వట్టుకున్నదంట అత్తమ్మ. పక్కింటోళ్లు చెప్పిండ్రు. నెలకు నేను చూడ వచ్చేసరికి పటం తళతళ మెరుస్తున్నది. దండ లేదు."

"నీకు కోపం రాలేదానే?"

"ఎందుకొస్తదక్కా? నాకు ముందే ఎరిక." బిడ్డను ఒళ్లో సర్దుకుంది. "ఆళ్లు మల్ల ఇల్లు చూడొచ్చే ముందర పటం దుమ్ము దులుపుత అంటే అత్తమ్మ నన్ను ముట్టనియ్యలే. ఎన్నడు అట్ల కసరదు. ఏందో అని, ఆమె బయటికి పోయినంక వేలు వెట్టి చూసిన. పసుపు రంగు వేలికి అంటింది. కొంగుకు తుడుచుకున్న."

"ఎరికైనంక గూడ ఎట్ల పోయినవే?" అన్నాను.

"ఆమె పొమ్మన్నది గద. గంత కష్టపడి పొమ్మన్నంక, నేను ఉంటె ఆమె చేసిందంత వట్టిగనే పోతది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ పటం ఇప్పుడు మా ఇంట్లనే ఉన్నదక్కా. ఉత్తగనే ఉన్నది. అత్తమ్మ ఎయ్యనిది నేనెట్లేస్త?"

"మీ ఇంటాయన ఏమనలేదా?"

"మేకు కొట్టిందే ఆయన."

నేను గోనెపట్టా మీద నీళ్లు చల్లుతూ ముఖం అటు తిప్పుకున్నాను. ఆ పిల్ల వచ్చిన పని అప్పుడు చెప్పింది. అత్తమ్మ పటం గీయాలట. ఫోటో లేదు. నువ్వు చూసినవు గద, నీకు యాదికుంటది అంది. ఎన్నో ఏళ్లుగా అందరినీ అడిగిన ప్రశ్న ఆ రోజు నా గొంతులో నుంచి రాలేదు. నా ముఖం చూసి ఆమెకు తెలిసిపోయింది.

"దండ పటమే అక్కా" అంది. "ఎన్నటికీ పోని రంగు ఎయ్యి."

ఇంటికి వచ్చి పెట్టె ఒక మూలకు నెట్టి, కొత్త అద్దం కడిగాను. నూనె రంగు కలిపి మొదట దండ వేశాను. అనంతగిరిలో వేసిన పూలే, అదే పసుపు, అదే పచ్చ. అది ఆరాక దాని వెనుక ముఖం వేయాలి. చాలా రోజులు వేయలేకపోయాను. అద్దంలో దండ ఒక్కటే ఉండేది, వెనుక ఎవరూ లేకుండా. మా ఇంటాయన డ్యూటీకి పోతూ దాన్ని చూసి, "ఎవరిదిది?" అని అడిగాడు. "మా అవ్వది" అన్నాను.